రాత్రి తొమ్మిదిన్నరకు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ను కొలిచి చూడండి: విద్యుత్ అధికారులకు విజయవాడ నుంచి బహిరంగ లేఖ

నగర విద్యుత్ పంపిణీ అధికారులకు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి వారికి, రవాణా శాఖ, నగరపాలక సంస్థ అధికారులకు నమస్కారం.

గాలివానలో స్తంభమెక్కి కరెంటు తెప్పించే లైన్‌మన్ల కష్టం మాకు తెలుసు. ఈ లేఖ వాళ్ల మీద ఫిర్యాదు కాదు. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ వేళలను ఒక పద్ధతిలో పెట్టమని, వీధి ట్రాన్స్‌ఫార్మర్ల లోడును రాత్రిపూట కొలవమని ఎండాకాలం ముందు ఒక అర్జీ, ఎండాకాలం నడుమ మరో అర్జీ ఇచ్చాం. రెండింటి మీదా రసీదు ముద్ర పడింది. జవాబు మాత్రం రాలేదు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. ఇప్పుడు రోళ్ల కంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్లు పోతున్నాయి. మళ్లీ ఆ రోజులు రాకముందే ఈ మాట నలుగురిలో చెప్పాలని రాస్తున్నాం.

మేం చెప్పదలచింది ఒక్కటే. ఎలక్ట్రిక్ బండ్లు ఎక్కువైపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. అవన్నీ ఒకే వేళకు, తరచుగా ఒకే ఫేజు మీద, అంటే వీధికి కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒక్కదాని మీదే పడటం వల్ల వచ్చింది. ఏసీని రెండు గంటలు ఆగి వేసుకోమంటే ఎవరికీ కుదరదు. చార్జింగ్ అలా కాదు. రాత్రి ఎనిమిదింటికి తగిలించిన బండి పొద్దున ఏడింటికి నిండి ఉంటే చాలు, మధ్యలో ఎప్పుడు నిండిందో యజమానికి పట్టదు. ఇంత వెసులుబాటున్న లోడు ఇంకోటి లేదు. దాన్ని వాడుకునే ఏర్పాటు మాత్రం మన నగరంలో ఎక్కడా కనబడటం లేదు.

ఒక వీధి లెక్క చూడండి. 100 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. 433 వోల్టుల దగ్గర దాని పూర్తి సత్తా ఫేజుకు 133 ఆంపియర్లు. దాని మీద 60 ఇళ్లు, ఫేజుకు 20 చొప్పున. మే నెల రాత్రి తొమ్మిదిన్నరకు ఆ ఇరవైలో 12 ఇళ్లలో టన్నున్నర ఏసీ నడుస్తూ, ఒక్కోటీ ఏడున్నర ఆంపియర్లు లాగితే 90. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, లైట్లు, టీవీలు కలిసి ఇంకో 30. మొత్తం 120. ఇంతవరకు ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన కారును 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తాడు. 3.3 కిలోవాట్లు, అంటే మరో 14 ఆంపియర్లు. లెక్క 134కు చేరి హద్దు దాటింది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ అయితే 31 ఆంపియర్లు, లెక్క 151. ఒక్క కారుతోనే ఇంత. అదే ఫేజు మీద ఇంకో రెండు ఈ-ఆటోలు, నాలుగు స్కూటర్లు ఉంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి ఆ కారుకు ఎంత కావాలి? రోజుకు 35 కిలోమీటర్లు తిరిగితే ఐదారు యూనిట్లు. 3.3 కిలోవాట్ల మీద రెండు గంటల పని కూడా కాదు. స్కూటర్‌కు మామూలుగా మూడు యూనిట్లు మించవు. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగే ఈ-ఆటోకు, చార్జర్‌లో పోయేది కూడా కలుపుకుంటే, ఎనిమిది తొమ్మిది యూనిట్లు. పదకొండు గంటలు ఖాళీగా నిలబడే బండికి రెండు గంటల కరెంటు చాలు. ఆ రెండు గంటలు ఏవన్నదే అసలు ప్రశ్న.

ఫేజు సంగతి ఇంతకంటే ముఖ్యమైంది, ఇంతకంటే చవకగా తీరేది కూడా. రాత్రిపూట టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) పెడితే ఆర్ ఫేజు 140, వై ఫేజు 70, బి ఫేజు 85 ఆంపియర్లు చూపించే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊహించండి. మొత్తం 295. మూడు ఫేజుల సత్తా 399. అంటే ముప్పావు వంతు లోడే ఉంది. కాగితం మీద ఆ ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం. కానీ ఆర్ ఫేజు చుట్ట హద్దు దాటి కాగుతోంది, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగలో దాదాపు 64 ఆంపియర్లు ఊరికే తిరుగుతున్నాయి. ఇక్కడ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. నిచ్చెన, కటింగ్ ప్లేయర్ పట్టుకుని ఇద్దరు మనుషులు ఆర్ మీది కొన్ని సర్వీసులను (ఇళ్ల కనెక్షన్లను) వై, బి మీదికి మారిస్తే ఒక పూటలో అయిపోయే పని. ఎవరింటికి కొత్త చార్జర్ వచ్చిందో, అది ఏ ఫేజు మీద ఉందో తెలియకపోతే మాత్రం ఆ పని ఎప్పటికీ మొదలు కాదు.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఇది.

1. లో ఓల్టేజీ. ఇంటి సరఫరా 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలి. లైను చివరి ఇళ్లలో రాత్రిపూట అంతకంటే బాగా కిందికి దిగుతోంది. ఫ్రిజ్ కంప్రెసర్, నీళ్ల మోటారు మూలుగుతూ తిరగలేక కాలిపోతాయి. చాలా చార్జర్లు వోల్టేజీ తగ్గితే అదే పవర్ కోసం ఇంకాస్త కరెంటు లాగుతాయి, దాంతో వోల్టేజీ ఇంకా పడుతుంది. చార్జర్ పెట్టుకున్నది వీధి మొదట్లో ఇల్లు, మోటారు కాలేది వీధి చివర ఇల్లు.

2. ట్రాన్స్‌ఫార్మర్ కాలడం. ఇది ఒక్కరాత్రిలో జరిగేది కాదు. లోపలి రాగి, అల్యూమినియం చుట్టలకు కాగితమే రక్ష. వేడి ఎక్కువైన ప్రతి గంటా ఆ కాగితం ఆయుష్షు తరుగుతుంది. పగలు కాగిన నూనె రాత్రికి చల్లారడం మీద ఆధారపడిన యంత్రమది. చుట్టూ కొండలున్న బెజవాడలో మే రాత్రులు అసలే చల్లారవు. పైగా ఏసీలు, వాటి మీద చార్జర్లు. నూనె కారుతుంది, లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చే బ్రీదర్‌లో నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది, ఇళ్ల వైపు లైనుకుండే ఎల్‌టీ ఫ్యూజు మాటిమాటికీ పోతుంది. ఫ్యూజు పోయినప్పుడల్లా కాస్త మందం తీగ కట్టి వెళ్లడం కూడా జరుగుతోంది. అలా కట్టిన రోజునే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు కాపలా పోయినట్టు లెక్క. పట్టణాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 24 గంటల్లో మార్చాలని ప్రమాణం ఉంది. ఆ 24 గంటలూ మంచం మీద ఆక్సిజన్ యంత్రంతో ఉన్న రోగి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయిన ఇల్లు, రేపు పరీక్ష ఉన్న పిల్ల ఏం చేయాలి?

3. ఈ-ఆటో డ్రైవర్ కూలి. రాత్రి ఒంటిగంటకు ఫ్యూజు పోతే చార్జింగ్ ఆగిపోయిన సంగతి తెల్లారేదాకా తెలియదు. సగం చార్జితో బండి తీస్తే మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టాలి. సాయంత్రం బస్టాండు, రైల్వే స్టేషన్ బేరాలన్నీ పోతాయి. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు.

4. ప్రాణాపాయం. 16 ఆంపియర్ల సాకెట్ గీజర్‌కు పావుగంట పనిచేస్తుంది, బ్యాటరీ బాగా ఖాళీ అయిన కారుకు ఏకబిగిన ఆరేడు గంటలు పనిచేయాలి. వెనక స్క్రూ కాస్త వదులైనా, సన్నతీగ వేసినా సాకెట్ కరుగుతుంది. అంతకంటే ఘోరం ఒకటుంది. సరైన ఎర్త్ లేకపోతే కారుతో వచ్చే చార్జర్ మొరాయిస్తుంది. కొందరు పనివాళ్లు అప్పటికప్పుడు సాకెట్ వెనక న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపి, ‘పనిచేస్తోంది చూడండి’ అని చేతులు దులుపుకుంటున్నారు. స్తంభం దగ్గర ఆ న్యూట్రల్ ఊడిన క్షణాన కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా తలుపు పట్టుకునేది ఇంట్లో పసివాళ్లే. దయచేసి ఈ ఒక్క విషయమైనా ఊరంతా తెలిసేలా ప్రకటించండి.

‘రాత్రి పది దాటాక చార్జింగ్ పెట్టుకోండి’ అన్న సలహా తరచూ వినబడుతోంది. అది మన ఊరికి సరిపోదు. రాష్ట్ర గ్రిడ్ భారం వేరు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ భారం వేరు. సాయంత్రం ఆరు దాటగానే 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు నుంచి వచ్చే కరెంటు ఆగుతుంది, ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటివి బొగ్గుతో ఆ లోటు పూడ్చాలి. ఆ గ్రిడ్‌కు పది దాటాక ఊపిరి ఆడుతుంది. ఇళ్ల మధ్య ఉన్న వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం ఎండాకాలంలో పది నుంచి ఒంటిగంట దాకా ఏసీలతో అసలైన గడ్డుకాలం. కాబట్టి ఇళ్లలో చార్జింగ్‌కు మంచివేళ రాత్రి రెండు నుంచి పొద్దున ఆరు. వీలైన బండ్లకు అంతకంటే మంచివేళ పగలు పది నుంచి మూడు. ఇంకో సంగతి, అందరూ ఒకే గంటకు టైమర్ పెట్టినా చిక్కే. సరిగ్గా రెండింటికి ఊరంతా ఒక్కసారి లాగితే అక్కడే కొత్త శిఖరం లేస్తుంది. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి కొత్త ఇంటి చార్జర్లు పది నిమిషాల దాకా ఎవరికివారు వేర్వేరు ఆలస్యంతో మొదలయ్యేలా ఉండాలని నియమం పెట్టింది ఇందుకే. మనకు అంత హంగు లేకపోయినా, స్తంభం నంబరును బట్టి మూడు జట్లుగా విడగొట్టి రెండు, మూడు, నాలుగు అని వేళలు చెప్పవచ్చు.

జనం ఎందుకు మారడం లేదంటే, మారితే వాళ్లకు దక్కేదేమీ లేదు. 2022-23 టారిఫ్‌తో వచ్చిన ఇంటి శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు కారు కోసం ఇంకో 150 వాడితే, అందులో 25 యూనిట్లు ఆరు రూపాయల్లో, 125 యూనిట్లు ఎనిమిది ముప్పావులో పడతాయి. 1,243 రూపాయల 75 పైసలు. సగటున యూనిట్‌కు 8 రూపాయల 29 పైసలు, అదీ విద్యుత్ చార్జీ ఒక్కటే. రాత్రి తొమ్మిదింటికి పెట్టినా అంతే, తెల్లవారుజామున మూడింటికి లేచి పెట్టినా అంతే. అలాంటప్పుడు నిద్ర ఎవరు చెడగొట్టుకుంటారు? మరోవైపు 2023 జూన్‌లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు, వ్యవసాయం మినహా మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి వేళను బట్టి రేటు రావాలనీ, సౌర వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలనీ చెప్పాయి. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) లైను ఉన్న పరిశ్రమలు ఆ పద్ధతిలో ఎప్పటినుంచో బిల్లు కడుతున్నాయి. ఇంటి ముందు బండి పెట్టుకున్నవాడికి ఆ దారి ఎందుకు తెరవరు?

మా విన్నపాలు ఇవి. ఖర్చు తక్కువైనవి ముందు రాశాం.

1. ఫిబ్రవరి నెలాఖరులోపు బండ్లు ఎక్కువున్న వీధుల్లో, అంటే పటమట, భవానీపురం, సింగ్‌నగర్, సత్యనారాయణపురం, కృష్ణలంక లాంటి చోట్ల ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ లోడునూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య టాంగ్ టెస్టర్‌తో కొలవండి. పగలు పదకొండింటికి తీసిన రీడింగ్ దేనికీ పనికిరాదు. ఆర్, వై, బి, న్యూట్రల్ నాలుగూ రాయండి. ఫేజుల మధ్య తేడా ఎక్కువున్న చోట సర్వీసులు మార్చండి. మార్చాక మళ్లీ కొలవండి. అంకెలు వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద అతికించండి. మందం తీగ కట్టిన ఫ్యూజులన్నీ ఆ పర్యటనలోనే తీయించండి.

2. ఏ బండి ఏ చిరునామాలో రిజిస్టర్ అయిందో రవాణా శాఖ దగ్గర ఉంది. ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉందో పంపిణీ సంస్థ దగ్గర ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ వారీగా ఎన్ని బండ్లున్నాయన్న అంకె చాలు. నెలకోసారి ఈ రెండూ కలపండి. అది చూపించి ఎవరి మీదా జరిమానా వేయవద్దు. ఆ భయం పుడితే జనం దాచుకుంటారు, మీ లెక్క మళ్లీ తప్పుతుంది.

3. ఇళ్లలో చార్జింగ్‌కు వేరే మీటరు కావాలని అడిగినవారికి, ఇష్టమైతేనే, వేళను బట్టి రేటు ఇవ్వండి. ఎలక్ట్రిక్ బండి చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ తీసుకునే హక్కు ఆ కేంద్ర నిబంధనల 2024 సవరణతోనే వచ్చింది, పట్టణాల్లో ఏడు రోజుల గడువు కూడా అందులో ఉంది. స్మార్ట్ మీటర్లంటే జనంలో ఉన్న భయాన్ని మేం తక్కువ చేసి చెప్పం. ఇంటి మీటరును ముట్టుకోకుండా, బండి మీటరు ఒక్కదానికే ఈ పద్ధతి మొదలుపెడితే ఆ భయానికి తావుండదు.

4. ఈ-ఆటోలకు పగటి చార్జింగ్ చోట్లు కావాలి. అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నది ఇదే. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బేరాలు పలచబడతాయి, డ్రైవర్లు చెట్టు నీడ వెతుక్కుంటారు. సరిగ్గా ఆ వేళకే రాష్ట్రంలో సౌర విద్యుత్ పొంగుతుంది, ఇళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తేలిగ్గా ఉంటాయి. కోట్ల ఖర్చయ్యే ఫాస్ట్ చార్జర్లు దీనికి అక్కర్లేదు. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 17017 వరుసలో తేలికపాటి బండ్లకు 3.3 కిలోవాట్ల చార్జ్ పాయింట్‌కు ప్రమాణం రాసింది. పండిట్ నెహ్రూ బస్టాండు, రైల్వే స్టేషన్, ఆటోనగర్, రైతు బజార్ల దగ్గర రేకుల షెడ్డు, పది పాయింట్లు, తాగునీళ్లు ఉంటే చాలు. పది పాయింట్లూ ఒక్కసారి పనిచేసినా 33 కిలోవాట్లే. 2024 సెప్టెంబరు కేంద్ర మార్గదర్శకాలు పబ్లిక్ చార్జింగ్‌కు పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా సగటు సరఫరా వ్యయంలో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు రేటు చెప్పాయి. ఆ తగ్గింపు నిర్వాహకుడి జేబులో ఆగిపోకుండా డ్రైవర్ చేతికి అందేలా షరతు పెట్టండి. స్థలం ఇవ్వాల్సింది నగరపాలక సంస్థ.

5. అపార్ట్‌మెంట్లకు లోడు పంచుకునే ఏర్పాటును తప్పనిసరి చేయండి. ఎనిమిది కార్లకు ఎనిమిది 32 ఆంపియర్ల చార్జర్లంటే 256 ఆంపియర్లు, దానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అసోసియేషన్‌లో గొడవ మొదలవుతుంది. మెయిన్ కేబుల్‌కు సీటీలు (కరెంటు ఎంత పోతోందో చూపే పరికరాలు) తగిలించి, భవనం లోడును బట్టి చార్జర్లను తగ్గించి పెంచే కంట్రోలర్ పెడితే కథ మారుతుంది. ఈ రకం చార్జర్ 6 ఆంపియర్ల దాకా తగ్గగలదు. ఎనిమిదింటికీ ఆరేసి చొప్పున 48 ఆంపియర్లు, మూడు ఫేజులకు పంచితే సగటున ఫేజుకు 16. ఆ ఆరు ఆంపియర్లతోనే పది గంటల్లో ఒక్కో కారుకు 13.8 యూనిట్లు అందుతాయి, 90 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా. కొత్త భవనాల ప్లాను అనుమతిలోనే దీన్ని చేర్చవచ్చు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం చార్జింగ్ సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు చూసిన కాలనీల సెల్లార్లలో ఆ ఎత్తు ఏ మూలకూ చాలదు. అక్కడ చార్జర్లు పై అంతస్తు ఎత్తుకు ఎక్కాలి, సెల్లార్ లైను మొత్తాన్ని పైనుంచే ఆపగల స్విచ్ ఉండాలి.

6. బండి అమ్మేవాళ్లు డెలివరీ రోజున కొనేవారి ఫోనులోనో, బండి తెర మీదో చార్జింగ్ టైమర్ పెట్టి చూపించాలని రవాణా శాఖ ఆదేశించాలి. ఇంటి వైరింగ్‌కు ఒక చీటీ కూడా ఇవ్వాలి: 16 ఆంపియర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 32కు 6, విడి సర్క్యూట్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్), పరీక్షించిన ఎర్త్ గుంత, ఎక్స్‌టెన్షన్ బోర్డు నిషేధం. లైసెన్స్ ఉన్న పనివాడి సంతకం లేకుండా చార్జర్ బిగించకూడదు.

7. బస్సు డిపోలకు హెచ్‌టీ లైన్లు విడిగా ఉంటాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాం. రాబోయే ఎలక్ట్రిక్ బస్సుల డిపోల చార్జింగ్ వేళలను ముందే ఖరారు చేసి, అదే సబ్‌స్టేషన్ మీది కాలనీలకు తెలియజేయండి.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. లోడు పెరిగిందన్న సాకుతో ఈ-ఆటో డ్రైవర్లకు కనెక్షన్లు నిరాకరించడం, అదనపు లోడు చార్జీల పేరుతో ఒక్కసారిగా వేలకు వేలు అడగడం దీనికి మందు కాదు. మూడున్నర కిలోవాట్లు వాడేవాడు తెల్లవారుజామున వాడుకుంటానని ఒప్పుకుంటే వీధికి బరువు కాడు. ఆ ఒప్పందం రాసుకోవడానికి ఒక ఫారం కావాలి, దానికి తగిన రేటు కావాలి. ఆ రెండూ మీ చేతుల్లోనే ఉన్నాయి.

ఈ ఏడు విన్నపాల్లో వేటిని ఒప్పుకుంటారో, వేటిని ఏ కారణంతో కాదంటారో, ఒప్పుకున్నవి ఏ తేదీకి మొదలవుతాయో ముప్ఫై రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. మొదటి విన్నపం కోసం మా తరఫున టాంగ్ టెస్టర్లు, చదవగలిగిన మనుషులు సిద్ధంగా ఉన్నారు. మీ లైన్‌మన్ ఏ రాత్రి ఏ వీధికి వస్తారో చెబితే నిచ్చెన పట్టుకోవడానికి మేం వస్తాం.

ఇట్లు,
విజయవాడ నగర విద్యుత్ వినియోగదారులు, ఈ-ఆటో డ్రైవర్లు, లైసెన్స్ ఉన్న వైరింగ్ పనివారు, విశ్రాంత విద్యుత్ ఇంజినీర్లు కొందరు